గుండీకి వేసిన పొడి

మా కొట్టుకొచ్చే మగవాళ్ళలో కొందరు ముందు గొలుసు ధర అడుగుతారు. తర్వాత నీళ్ళ గిన్నె ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూస్తారు. ఆ తర్వాత గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ, "నాన్నగారు లేరా?" అంటారు. అప్పుడు నాకు అర్థమైపోతుంది, చంకలో ఉన్న కుక్కపిల్లకి ఒక వృషణం కిందికి దిగలేదని.

"ఎన్నో నెల నడుస్తోంది? ఒకటి దిగిందా, రెండూ దిగలేదా?" అని నేనే అడిగేస్తాను.

వాళ్ళ చెవులు ఎర్రబడతాయి. నాకు ఆ మాటంటే సిగ్గు పోయి చాలాకాలమైంది. కుక్కల మందుల కొట్టులో పెరిగినదాన్ని.

అమ్మ వెనక గదిలో పొడి జల్లిస్తూ అన్నీ వింటుంది. వచ్చినవాళ్ళు మెట్లు దిగగానే బయటికొస్తుంది. "ఒకటే ఉందండీ, ఒకటే ఉందండీ అంటాడు, చెవి కమ్మ పారేసుకున్నట్టు. ఆ ఒకటీ ఏమిటో చెప్పడానికి నోరు రాదు. వీడికంటే ఆ కుక్కపిల్లే నయం, సిగ్గు లేకుండా వెల్లకిలా పడుకుంది."

నాన్న కొట్టులో ఉంటే ఈ తంటా ఉండదు. పిల్లని బల్ల మీద వెల్లకిలా వేసి, వెనక కాళ్ళ మధ్య రెండు వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుంటాడు. చూస్తున్నవాళ్ళు కూడా ఊపిరి బిగబడతారు. "ఎడమది వచ్చింది. కుడిది కడుపులోనే ఆగిపోయింది," అంటాడు. "భయం లేదు. కత్తి అక్కర్లేదు. పొడి వాడండి."

ఆ పొడి నాన్న సొంత లెక్క. గుమ్మడి గింజలు, సముద్రపు నాచు, కాస్త జింకు, కాస్త విటమిను. ఎదకు రాని ఆడకుక్కలకి ఇంకో డబ్బా ఉంది. అందులో అవిసె గింజలు ఎక్కువ, మూత రంగు వేరు, అంతే తేడా. నాన్న తూకం చెప్తాడు, అమ్మ దంచి జల్లిస్తుంది, నేను డబ్బాల్లో నింపి కాగితం అంటిస్తాను. మా ముగ్గురి బట్టలకీ ఆ పచ్చి వాసన ఉంటుంది. నేను వెళ్తుంటే వీధి కుక్కలు పలకరిస్తాయి.

నాన్న డాక్టరు కాదు. ఈ ఊళ్ళో పెద్ద డాక్టరుగారి కుక్కల క్లినిక్ ఒకటుంది. అందులో నాన్న చాలా ఏళ్ళు కాంపౌండరుగా చేశాడు. ఒకరోజు ఎవరికో సలహా చెప్తుంటే పెద్ద డాక్టరుగారు నలుగురి ముందూ, "నువ్వున్నది మందులు అందించడానికి, చెప్పడానికి కాదు," అన్నాడట. నాన్న మర్నాడు వెళ్ళలేదు. కొట్టు తెరిచాడు. తెరిచిన రోజే ఎవరో "డాక్టరుగారూ" అని పిలిచారు. నాన్న కాదనలేదు. తర్వాత కాదనడానికి సందు దొరకలేదు. పెద్ద డాక్టరుగారు పోయారు. ఇప్పుడు ఆయన కూతురు ఆ క్లినిక్ నడుపుతోంది. ఆ పేరెత్తితే, "నా చేతుల్లో పెరిగిన పిల్ల, అది నాకు చెప్తుందా," అంటాడు.

నాన్న మోసగాడు కాదు. ఆ పొడి పనిచేస్తుందని నాన్న నమ్మాడు, ఎందుకంటే చాలా పిల్లలకి నిజంగానే దిగేది. దిగినవాళ్ళు మిఠాయి పొట్లంతో వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేసేవారు. దిగనివాళ్ళు ఉత్త చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడేవారు. వాళ్ళని నాన్న ఒకే మాట అడిగేవాడు.

"మధ్యలో మానేశారా?"

గద్దింపు ఉండేది కాదు ఆ మాటలో. పలక తేని పిల్లవాణ్ణి మంచి మాస్టారు అడిగినట్టు మెత్తగా ఉండేది. ఏ ఇంట్లోనైనా ఏదో ఒకరోజు మర్చిపోతారు. పెళ్ళికి వెళ్ళి ఉంటారు, జ్వరం వచ్చి ఉంటుంది. అందరూ తల దించుకునేవారు. తప్పు వాళ్ళ వైపుకి జరిగిపోయేది. ఇంకో డబ్బా పట్టుకుని వెళ్ళేవారు.

ఆ రోజు టైలరమ్మ కూడా అలాగే గుమ్మంలో నిలబడింది. కుక్కని పైటలో చుట్టి తెచ్చింది.

టైలరమ్మ మా పాత ఖాతాదారు. జాకెట్లు కుడుతుంది, ఒంటరి మనిషి. తోబుట్టువంటే ఒక అక్క ఉండేది, ఆవిడ కిందటేడు పోయింది. కుక్క పేరు గుండీ. ముక్కు అచ్చం కోటు గుండీలా నల్లగా గుండ్రంగా ఉంటుందని ఆ పేరు పెట్టింది. పిల్లగా ఉన్నప్పుడు వాడికి కుడిది దిగలేదు. అప్పటినుంచీ ఏళ్ళ తరబడి మా పొడి వాడుతూనే ఉంది. నాన్న ఆపమనలేదు, ఆవిడ ఆపలేదు.

"రండి టైలరమ్మగారూ," అన్నాడు నాన్న. "ఏమిటి మావాణ్ణి అలా దాచారు? దిష్టి తగులుతుందనా?"

ఆవిడ వెనక్కి తిరిగి వీధి చూసుకుని లోపలికొచ్చింది.

"డాక్టరుగారూ, ఎలా అడగాలో తెలీటం లేదు. వీడు మగపిల్లాడే కదండీ?"

"అదేం ప్రశ్నమ్మా!"

"మగకుక్కలు వీడి వెంట పడుతున్నాయి. నిన్న మూడు. గొడుగుతో బాదితే కాస్త దూరం పోయి మళ్ళీ వచ్చాయి. ఆ ఇస్త్రీ అతను అంటాడూ, 'ఏమ్మా, మీవాడికి సంబంధాలు చూస్తున్నారా?' అని." నవ్వబోయింది. నవ్వు మధ్యలో కళ్ళు తడిశాయి. "వీధంతా నవ్వారు. వాడికేం తెలుసు, తోక ఊపుతూ నిలబడ్డాడు."

పైట తీసి బల్ల మీద దించింది. గుండీ నాన్నని చూడగానే తోక ఆడించాడు. పక్కలు రెండూ బోడిగా ఉన్నాయి, రెండు వైపులా కొలిచి కత్తిరించినట్టు. వెల్లకిలా వేస్తే పొట్ట కింద చనుమొనలు ఉబ్బి ఉన్నాయి, పిల్లలకి పాలిచ్చే తల్లికున్నట్టు. టైలరమ్మ మొహం తిప్పుకుంది. కుక్కదే అయినా చూడకూడనిది చూపిస్తున్నట్టు సిగ్గుపడింది ఆవిడ.

నాన్న పొట్ట మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. ఎప్పటిలా కాసేపు మూసుకుని ఉంచలేదు. వెంటనే తెరిచాడు. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. తర్వాత గుండీ పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. చూసి టక్కున వదిలేశాడు, ఎవరో బట్టలు మార్చుకుంటున్న గది తలుపు పొరపాటున తీసి మూసినట్టు.

నేను గల్లా దగ్గరున్నాను. చిగుళ్ళు నాకు కనపడలేదు, నాన్న మొహం ఒక్కటే కనిపించింది.

ఆ మొహంతోనే అడిగాడు, "మధ్యలో మానేశారా?"

టైలరమ్మ తల దించుకుంది. "మా అక్క ఆసుపత్రిలో ఉన్నప్పుడు... మానేసే ఉంటాను డాక్టరుగారూ. నాదే తప్పు. నా చేతులారా వీణ్ణిలా చేసుకున్నాను."

నాన్న ఏమంటాడోనని చూశాను. నాన్న వెనక అరలోంచి కొత్త డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "ఇక నుంచి రెండు పూటలా వేయండి."

ఆవిడ రెండు చేతులూ జోడించి డబ్బా కళ్ళకద్దుకుంది. గుండీని మళ్ళీ పైటలో చుట్టుకుని, గోడవారగా, ఎవరూ చూడకూడదన్నట్టు వెళ్ళిపోయింది.

నాన్న చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుని మళ్ళీ కడుక్కున్నాడు.

"నాన్నా, పెదవి ఎత్తి ఏం చూశావు?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే అలా ఎందుకు వదిలేశావు?"

"నీ పని నువ్వు చూసుకో," అన్నాడు. అలా విసుక్కోవడం నాన్నకి అలవాటు లేదు.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. అమ్మ చూసి చూసి అడిగింది. "ఏవండీ, ఉప్పు తక్కువైందా, నేను ఎక్కువయ్యానా?"

"ఆవిడ మానలేదే," అన్నాడు నాన్న.

"ఎవరు, ఏం మానలేదు?"

"టైలరమ్మ. ఆవిడ మానే మనిషి కాదు." అన్నం ముద్ద వదిలేశాడు. "లోపల ఉండిపోయినది గడ్డ కట్టింది. నిమ్మకాయంత తగిలింది చేతికి. ఆ గడ్డే వాడి ఒంట్లో ఆడతనం పుట్టిస్తోంది. అందుకే ఆ చనుమొనలు, అందుకే ఆ కుక్కల గోల. చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. రక్తం పోతోంది వాడికి. త్వరగా కోసి తీయకపోతే దక్కడు."

"మరి మీరు పొడి ఇచ్చి పంపారేమిటి?"

నాన్న నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"మానకుండా వేసినా దిగలేదంటే..." అమ్మ ఆగింది. ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు ఆవిడ మొహం మెల్లగా మారింది. "అయితే నేను ఇన్నాళ్ళూ జల్లించింది ఏమిటండీ?"

"పెద్ద డాక్టరుగారు చెప్తూనే ఉండేవాడు," అన్నాడు నాన్న. కంచంతో చెప్తున్నట్టు చెప్పాడు. "కొన్ని పిల్లలకి ఆలస్యంగా వాటంతటవే దిగుతాయి, దిగనివాటికి కొయ్యడం తప్ప దారి లేదు అని. నేను ఆయన మీద కోపంతో ఆ మాట కూడా వదిలేశాను. పొడి వేశాక దిగితే పొడి వల్లే అనుకున్నాను."

"అనుకున్నారా, తెలుసా?"

"మొదట్లో అనుకున్నాను."

అమ్మ లేచి వెళ్ళి గదిలో జల్లెడ గోడకి తగిలించి వచ్చింది. తిరిగొచ్చేసరికి ఆవిడ గొంతు మామూలైపోయింది. అమ్మకి ఏడుపు వచ్చినా, భయం వచ్చినా ముందు ఉపాయం వస్తుంది.

"చూడండి. ఈ మాట గుమ్మం దాటకూడదు. దాటిందా, రేపటి నుంచి కొట్టులో ఈగలు కూడా వాలవు. కుక్క ముఖ్యం, అది క్లినిక్‌కి వెళ్ళాలి. అమ్మాయిని పంపుదాం. పొరపాటున పాత సరుకు ఇచ్చామని చెప్పి డబ్బా వెనక్కి తెస్తుంది. పనిలో పనిగా ఓసారి క్లినిక్‌లో చూపించమని చెప్తుంది. వాళ్ళు కోసి తీసేస్తారు. మీ మాట పోదు, ఆ ప్రాణమూ పోదు."

నాన్న నా వైపు చూడకుండా, "వెళ్తావా?" అన్నాడు.

వెళ్తానన్నాను. నాన్న నన్ను అబద్ధమాడమని అడగడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఆడించలేదా అని నడుస్తూ నడుస్తూ అనిపించింది. డబ్బాల మీద కాగితాలు అంటించింది నేనే కదా.

టైలరమ్మది ఒకటే గది. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకి వేలాడుతున్న జాకెట్లు, నేలంతా దారపు ముక్కలు. గుండీ మిషను కింద, పెడలు పక్కన పడుకుని ఉన్నాడు. వాడి నడుం చుట్టూ గళ్ళ గుడ్డతో కుట్టిన పట్టీ ఉంది. పొట్ట కిందంతా కప్పి వీపు మీద మూడు గుండీలు పెట్టింది. అంచులు కూడా మడిచి కుట్టింది, పెళ్ళి జాకెట్టుకి కుట్టినంత శ్రద్ధగా.

"నలుగురూ చూడకుండా," అంది నా చూపు చూసి. "వాడికి సిగ్గు లేకపోయినా నాకుంది కదమ్మా. కూర్చో. డాక్టరుగారు పంపారా?"

"అత్తయ్యా, పొద్దున ఇచ్చిన డబ్బా పాత సరుకట. పొరపాటున ఇచ్చాం. వెనక్కి తెమ్మన్నారు."

"పరవాలేదులే. పాతదైనా మీ నాన్నగారి చేతిది. అప్పుడే ఒక పూట వేసేశాను కూడా."

ఆవిడ సూదికి దారం ఎక్కిస్తూ తనే మొదలుపెట్టింది.

"నిజం చెప్పనా? మా అక్క మంచం మీద ఉన్నన్నాళ్ళూ రోజూ ఆసుపత్రి నుంచి పరిగెత్తుకొచ్చేదాన్ని. వీడికి పొడి కలిపి పెట్టి, తిన్నాక మళ్ళీ పరిగెత్తేదాన్ని. అక్క తిట్టేది, 'నాకు గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేదు, నీకు కుక్కకి వడ్డన కావాలి' అని. ఒకసారి నేను ఇక్కడ కలుపుతుంటే అక్కడ అక్కకి ఊపిరాడలేదట. పక్క మంచం ఆవిడ చూసి నర్సుని పిలిచింది."

"అయితే మీరు మానలేదు కదా!"

"మీ నాన్నగారు అడిగారంటే ఏదో ఒకరోజు మానే ఉంటానమ్మా. ఆయన ఊరికే అడగరు."

చెప్పెయ్యాలని నోరు తెరిచాను. మా నాన్న చెప్పింది అబద్ధం అని ఒక కూతురు ఎలా మొదలుపెడుతుంది? ముందు ఏ మాట వస్తుంది? నాకు ఏ మాటా రాలేదు. కుక్కల సంగతిలో ఎంత మాటైనా గల్లా దగ్గర టకటకా అనేసే నోరు నాది.

"వీణ్ణి క్లినిక్‌కి తీసుకెళ్దాం అత్తయ్యా. ఇప్పుడే," అన్నాను.

ఆవిడ సూది ఆపింది. "కత్తికా? వద్దు తల్లీ. వీడు పిల్లగా ఉన్నప్పుడు ఆ డాక్టరమ్మ కొయ్యాలంది. సరేనని బయల్దేరాను కూడా. దారిలో మీ కొట్టు. మీ నాన్నగారు వీణ్ణి ఎత్తుకుని, 'పసివాడి పొట్ట కోయిస్తారా? మనసెలా ఒప్పిందమ్మా?' అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను, ఎంత పని చెయ్యబోయానూ అని. మళ్ళీ వెళ్ళమంటే ఆయన నోటితో చెప్పాలి. నువ్వు చిన్నపిల్లవి."

బయటికొచ్చి వరండాలోంచి నాన్నకి ఫోను చేశాను. "నేను చెప్తే రానంటోంది. నువ్వే రావాలి."

అవతల ఎవరో గొలుసు ధర అడుగుతున్నారు.

"వస్తున్నా," అన్నాడు.

వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. టైలరమ్మ కంగారుగా లేచి కుర్చీ మీది బట్టలు తీసి తుడవబోయింది. నాన్న లోపలికి రాలేదు. "బయల్దేరండి టైలరమ్మగారూ. క్లినిక్‌కి వెళ్దాం. ఆపరేషను అవసరం," అన్నాడు. అంతే. ఎందుకు, ఏమిటి అని ఆవిడ ఒక్క ప్రశ్న అడగలేదు. గుండీని ఎత్తుకుని తలుపు తాళం వేసింది.

ఇక నాన్న ఏమీ చెప్పక్కర్లేదు. అమ్మ ఉపాయం ఫలించింది. ఆటోలో అదే అనుకుంటూ కూర్చున్నాను. ఆ అనుకోవడం నాకు హాయిగా లేదు. పక్కన టైలరమ్మ దారి పొడుగునా నాన్నకి క్షమాపణ చెప్తూనే ఉంది. "మీ అంతటివారు కొట్టు వదిలి వచ్చారు. నా అశ్రద్ధ వల్ల మీకు ఈ శ్రమ." నాన్న రోడ్డు చూస్తూ, "ఫర్వాలేదు, ఫర్వాలేదు," అంటున్నాడు. ఒకసారి గుండీ ముందుకి వంగి నాన్న చెయ్యి నాకాడు. నాన్న చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

క్లినిక్ హాల్లో బల్లల మీద ఐదారుగురు కూర్చుని ఉన్నారు. అందులో ఇద్దరు ముగ్గురు మా కొట్టుకి వచ్చేవాళ్ళే. నాన్నని అక్కడ చూసి ఆశ్చర్యపోయి, "డాక్టరుగారూ, మీరిక్కడ?" అన్నారు. వాళ్ళలో బ్యాంకు గుమాస్తా ఒకడు, ఒళ్ళో తెల్ల కుక్కపిల్లతో. దానికి పొడి మొదలుపెట్టి ఎన్నాళ్ళో కాలేదు. నాన్న తలూపి లోపలికి నడిచాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ గదిలో అడుగు పెట్టినా, ఎదురుగా ఉన్న అలమర తగలకుండా పక్కకి తప్పుకున్నాడు. అలమర అక్కడ లేదు. ఇప్పుడు అక్కడ ఉత్త గోడ.

డాక్టరమ్మ నా కంటే పది పన్నెండేళ్ళు పెద్దది. నాన్నని చూసి లేచింది. "రండి బాబాయ్," అంది. ఆ తర్వాత గుండీ మీదికి వంగిపోయింది. పట్టీ విప్పింది, పొట్ట నొక్కింది, చిగుళ్ళు చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె పెదవులు బిగుసుకున్నాయి.

"వీణ్ణి పిల్లప్పుడు చూశాను నేను. ఆపరేషనుకి రోజు కూడా చెప్పాను. మీరు రాలేదు."

"లేదమ్మా," అంది టైలరమ్మ.

"ఎందుకు రాలేదు? అప్పుడైతే చిన్న కోత, రెండో రోజుకి గెంతుతూ తిరిగేవాడు. ఇప్పుడు ఒంట్లో రక్తం లేదు. రక్తం ఎంతుందో చూస్తే గానీ మత్తు ఇవ్వగలనో లేదో కూడా తెలీదు. పట్టీలు కుట్టి వేస్తారు, ముద్దులు పెడతారు. పెంచడమంటే అదేనా? ఎవరైనా వద్దన్నారా మీకు?"

టైలరమ్మ తల ఎత్తలేదు. ఆవిడ ఎదురుగానే నాన్న నిలబడి ఉన్నాడు. ఆయన వైపు కన్నెత్తి కూడా చూడలేదు, చూస్తే తెలిసిపోతుందని. "ఎవరూ అనలేదు డాక్టరమ్మా. నా బుద్ధి తక్కువ."

తలుపు ఓరగా ఉంది. హాల్లో మాటలు ఆగిపోయాయి. లోపలి మాట బయటికి వినపడుతోందని మా అందరికీ తెలుసు.

"నేనే వద్దన్నాను," అన్నాడు నాన్న.

"ఏమిటి బాబాయ్?"

"ఆవిడ వస్తుంటే నేను ఆపాను. పొడితో దిగుతుందని చెప్పాను."

డాక్టరమ్మ చేతి తొడుగులు తీస్తూ ఆగింది. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంది. "దిగుతుందా బాబాయ్?"

"దిగదు."

"మరి అంతమందికి ఇచ్చారు కదా."

"దిగేవి దిగాయి. వాటంతటవే." నాన్న తలుపు వైపు ఒకసారి చూశాడు. "దిగనివాళ్ళని, మధ్యలో మానేశారా అని అడిగేవాణ్ణి."

నేను నేల చూస్తూ నిలబడ్డాను. నాన్న పాత చెప్పులు, టైలరమ్మ చెప్పులు, డాక్టరమ్మ తెల్ల బూట్లు. పైకి చూడాలంటే భయమేసింది.

ముందు టైలరమ్మే మాట్లాడింది. "అలా అనకండి డాక్టరుగారూ. నన్ను తిడుతున్నారని మీ మీద వేసుకుంటున్నారు. మీరు మంచివారు కాబట్టి..."

"లేదమ్మా. ఇవాళ పొద్దున కూడా నాకు తెలుసు. గడ్డ చేతికి తగిలింది. తెలిసే మిమ్మల్ని మళ్ళీ ఆ మాట అడిగాను. తెలిసే ఇంకో డబ్బా ఇచ్చాను."

ఆవిడ నాన్న మొహం కేసి చూసింది. చాలాసేపు చూసింది. కొలత తప్పు తీసుకున్నానేమోనని కుట్టిన జాకెట్టుని మళ్ళీ టేపుతో కొలిచేటప్పుడు చూసే చూపు అది. తర్వాత మెల్లగా, "రోజూ వేశాను," అంది. "మీకు తెలుసా? ఒక్క పూట మానలేదు."

"తెలుసు."

"మా అక్కని వదిలిపెట్టి వచ్చి వేశాను."

ఆ సంగతి నాన్నకి తెలీదు.

రక్తం తీసి లోపల మిషనులో పెట్టారు. తక్కువే కానీ, ఆగితే ఇంకా తగ్గుతుంది, ఇవాళే చేసేద్దాం అంది డాక్టరమ్మ. మత్తు సూది వెయ్యడానికి ఎవరైనా కుక్కని పట్టుకోవాలి. సహాయకుడు వేరే గదిలో ఉన్నాడు. నాన్న అలవాటు కొద్దీ ముందుకొచ్చాడు. ముంజేతి పైన వేలు నొక్కి నరం పైకి తేవడంలో నాన్నని మించినవాడు లేడని పెద్ద డాక్టరుగారే అనేవాడట. చొక్కా చేతులు అప్పుడే పైకి మడిచాడు.

"వద్దు," అంది టైలరమ్మ. గట్టిగా కూడా అనలేదు. "ఆయన ముట్టుకోవద్దు. అమ్మాయ్, నువ్వు పట్టుకో."

నాన్న వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు. మడిచిన చేతులు విప్పడం మర్చిపోయాడు. నేను గుండీ ముందు కాలు పట్టుకున్నాను. నా చేతులకి పొడి వాసన ఉంది. వాడు వాసన చూసి, తిండి పెడతానేమోనని నా వేళ్ళు నాకాడు. నాకుతూ నాకుతూ నిద్రపోయాడు.

గడ్డ తీసేసరికి సాయంత్రమైంది. డాక్టరమ్మ బయటికొచ్చి, గుండీ ఆపరేషను తట్టుకున్నాడని చెప్పింది. రక్తం మళ్ళీ పట్టాలి, పడుతుందో లేదో కొన్ని వారాలు చూడాలి, మాట ఇవ్వలేనంది. టైలరమ్మ లోపలికెళ్ళి, మత్తులో ఉన్న వాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

నాన్న తలుపు దగ్గర నిలబడి, "రేపు పొద్దున వస్తాను. ఏం కావాలన్నా..." అన్నాడు.

"అమ్మాయిని పంపండి," అంది ఆవిడ వెనక్కి తిరక్కుండా. "మీరు రావద్దు."

"సరేనమ్మా."

ఇంటికి వెళ్ళాలంటే హాలు దాటాలి. ఆ జనం ఇంకా ఉన్నారు. కొందరికి తమ వంతు రాలేదు, కొందరు వంతు అయిపోయినా వెళ్ళలేదు. నాన్న బయటికి రాగానే అలవాటు కొద్దీ లేచారు. డాక్టరుగారు వస్తే లేవడం వాళ్ళకి ఎన్నాళ్ళుగానో ఉన్నదే. లేచాక గుర్తొచ్చినట్టుంది. ఒకరు మళ్ళీ కూర్చోబోయి కూర్చోలేకపోయారు. బ్యాంకు గుమాస్తా సగం లేచి అలాగే వంగి ఉండిపోయాడు, తెల్ల పిల్లని గుండెకి పొదువుకుని.

"మరి... మా వాడికి?" అన్నాడు.

"లోపల చూపించండి," అన్నాడు నాన్న. "నేను డాక్టర్ని కాదు."

ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. కూర్చోండి, కూర్చోండి అని నాన్న చేత్తో సైగ చేశాడు. ఎవరూ కూర్చోలేదు. వాళ్ళందరి మధ్య నుంచి, తల దించుకుని, ఆ హాలు చివరిదాకా నడవాల్సి వచ్చింది. నేను వెనకే నడిచాను.